నడి ఏటి గీత – మదవాస్కా పారిష్ పొలిమేరల కథ



ఇంగ్లీషులో ‘పారిష్’ అనే మాట ఉన్నది. మనవారికి అది చర్చికి సంబంధించిన మాటగానే పరిచయం. ఒక గుడి, ఒక పురోహితుడు, ఆ గుడికి చెందిన జనం, వెరసి ఒక పారిష్. ఈ మాట పుట్టుక మాత్రం విచిత్రమైనది. గ్రీకులో ‘పరా’ అంటే ప్రక్కన, ‘ఓయికోస్’ అంటే ఇల్లు. ఆ రెండూ కలిసి ‘పరోయికియా’ అయినది. ఆ ఓయికోస్ శబ్దానికీ, మన వేశ్మ, నివేశన శబ్దాలకు మూలమైన ‘విశ్’ ధాతువుకూ జ్ఞాతిత్వం ఉన్నదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. పరోయికియా అంటే ఇరుగుపొరుగున ఉండటం. దానికే మరొక అర్థం, పరాయి నేలపై తాత్కాలికంగా తలదాచుకోవటం. పొరుగువాడు, పరదేశి అనే రెండు భావాలూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయన్నమాట. ఈ రెండర్థాలూ అక్షరాలా అనుభవించిన ఒక పారిష్ కెనడాలో ఉన్నది. దాని పేరు మదవాస్కా.

కెనడా తూర్పు కొసన న్యూ బ్రన్‌స్విక్ అనే రాష్ట్రం ఉన్నది. 1784లో దానిని నోవా స్కోషియా నుండి విడదీసి ప్రత్యేక పాలనగా ఏర్పరచారు. మరుసటి ఏడు ఎనిమిది కౌంటీలు ఏర్పడినాయి. 1786లో ఒక చట్టం చేసి ఆ కౌంటీలను పారిష్‌లుగా విభజించారు. ఇవి పేరుకు మతపరమైనవే అయినా పనికి లౌకికమైనవి. స్థూలంగా మన మండలం వంటివి అనుకుంటే పాఠకులకు సులువుగా బోధపడుతుంది. పారిష్‌కు ఒక కానిస్టేబులు, బాటలు బాగుచేయించేవాడు, బీదల బాగోగులు చూసేవాడు, పన్ను మదింపు వేసేవాడు, కంచెల తగవులు తీర్చేవాడు, చివరకు దారి తప్పిన పశువులను బందెలదొడ్డిలో పెట్టేవాడు కూడా ఏటేటా నియమితులయ్యేవారు. రాజు, గవర్నరు ఎక్కడో దూరాన ఉండేవారు. సామాన్యునికి ప్రభుత్వమంటే పారిష్ అధికారే. కాబట్టి పారిష్ పొలిమేర ఎక్కడ పడుతుందన్నది పటం గీసేవారి విలాసం కాదు, కాపురస్థుని బ్రతుకు.

ఆ రాష్ట్రానికి వాయవ్య మూల సెయింట్ జాన్ నది పారుతున్నది. అక్కడి ఆదివాసులైన వోలస్తోక్వియిక్ జనులు దానిని ‘వోలస్తోక్’ అని పిలిచేవారు, సుందరమైన నది అని అర్థం. ఎగువన ఉత్తరం నుండి మదవాస్కా అనే ఉపనది వచ్చి అందులో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర వారి పల్లె ఉండేది. దిగువన గ్రాండ్ ఫాల్స్ అనే పెద్ద జలపాతం ఉన్నది. క్రిందినుండి వచ్చే పడవలకు అది సహజమైన అడ్డుకట్ట. ఆ జలపాతానికి పైనున్న లోయే మన కథాస్థలం.

ఈ లోయకు 1785లో వచ్చి స్థిరపడినవారు అకేడియన్లు అనబడే ఫ్రెంచివారు. వారి పూర్వులు సముద్రతీరాన గట్లు కట్టి, ఉప్పునీటి చిత్తడి నేలలను మాగాణులుగా మార్చుకున్న రైతులు. 1755లో బ్రిటిషు అధికారులు వారిని ఊళ్ళకు ఊళ్ళుగా ఓడలకెక్కించి వెళ్ళగొట్టడం చరిత్రప్రసిద్ధం. తప్పించుకున్నవారిలో కొందరు సెయింట్ జాన్ నది దిగువన, నేడు ఫ్రెడరిక్టన్ నగరం ఉన్న ప్రాంతంలో తలదాచుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య సమరంలో రాజు పక్షాన నిలిచి ఓడినవారు 1783లో వేల సంఖ్యలో అక్కడికి చేరారు. ప్రభుత్వం భూములను వారికి ఇవ్వసాగినది. దానితో అకేడియన్లు మళ్ళీ మూటలు కట్టుకోవలసి వచ్చినది. జలపాతం దాటి ఎగువకు పోతే ఎవరూ తరమరని వారి ఆశ. సెయింట్ లారెన్స్ తీరం నుండి వచ్చిన ఫ్రెంచి కుటుంబాలు కూడా వారితో కలిసినాయి. 1790లోను, తరువాత 1794లోను న్యూ బ్రన్‌స్విక్ ప్రభుత్వం వారికి పట్టాలు ఇచ్చినది. నదికి రెండు ఒడ్డులా, నీటి నుండి అడవి దాకా సన్నని పొడుగాటి చెక్కలుగా భూములు కొలిచారు. ఏ ఇంటివానికైనా వాకిట్లో నది, పెరట్లో అడవి.

1792లో అక్కడ సేం-బాజిల్ పేర కథోలిక పారిష్ ఏర్పడినది. గుడి ఉత్తరపు ఒడ్డున, భక్తులు రెండు ఒడ్డులా. వేసవిలో పడవ మీద, శీతకాలంలో గడ్డకట్టిన నది మీద నడిచి ప్రార్థనకు వచ్చేవారు. 1797 ప్రాంతంలో పంటలు పాడై కరవు వచ్చినప్పుడు మార్గరీత్ బ్లాన్ష్ తిబొదో అనే ఇల్లాలు మంచులో ఇల్లిల్లూ తిరిగి, ఉన్నవారి దగ్గర అడిగి లేనివారికి తిండీ బట్టా పంచినదని అక్కడి జనశ్రుతి. ‘తాంత్ బ్లాన్ష్’, అనగా బ్లాన్ష్ పిన్నమ్మ అని ఆమెను నేటికీ తలచుకుంటారు. ఆమెకు రెండు ఒడ్డులూ ఒకే ఊరు. నది వారికి గోడ కాదు, వీధి.

ఆ వీధికి నడుమ గోడ పడటానికి కారణం చాలా దూరాన వ్రాసిన ఒక వాక్యం. 1783 పారిస్ ఒడంబడికలో అమెరికా ఎల్లను చెబుతూ, సెయింట్ లారెన్స్‌లో పడే నదులను, అట్లాంటిక్ మహాసముద్రంలో పడే నదుల నుండి వేరుచేసే ఎత్తైన నేలల వెంట అది సాగాలని వ్రాశారు. వ్రాసినవారు ఆ కొండలను చూచినవారు కారు. సెయింట్ జాన్ నది ఫండీ అఖాతంలో పడుతుంది. అఖాతం మహాసముద్రంలో భాగమా, కాదా? భాగమే, కాబట్టి నదికి ఉత్తరాన ఉన్న నేల కూడా మాదేనన్నది అమెరికా. కాదు, ఎల్ల చాలా దక్షిణాన మార్స్ హిల్ అనే గుట్ట దగ్గర మొదలవుతుందన్నది బ్రిటన్. వ్యాకరణం చదువుకున్నవానికి ఇది శబ్దార్థ నిర్ణయ వివాదం వలె కనిపిస్తుంది. అయితే ఇందులో గెలుపోటముల ఫలం 12,027 చదరపు మైళ్ళ నేల. బ్రిటన్ పట్టుదలకు మరొక కారణం కూడా ఉన్నది. శీతకాలంలో సెయింట్ లారెన్స్ గడ్డకట్టినప్పుడు సముద్రతీరపు హాలిఫాక్స్ నుండి క్విబెక్‌కు టపా, సైన్యం పోవలసిన దారి ఈ లోయగుండానే ఉన్నది.

1820లో మెయిన్ ప్రత్యేక రాష్ట్రమైన తరువాత వివాదం వేడెక్కినది. 1827 జూలై 4న జాన్ బేకర్ అనే కలప వ్యాపారి తన ఇంటి దగ్గర అమెరికా పక్షపు జెండా ఎగురవేశాడు. న్యూ బ్రన్‌స్విక్ అధికారులు అతనిని పట్టుకొని ఫ్రెడరిక్టన్‌లో విచారించి శిక్షించారు. 1831 జనవరిలో నెదర్లాండ్స్ రాజు మధ్యవర్తిగా తీర్పు చెప్పాడు. బ్రిటన్ ఒప్పుకొన్నది, అమెరికా సెనేటు త్రోసిపుచ్చినది. అదే ఏడు మెయిన్ శాసనసభ మదవాస్కాను తమ పట్టణంగా ప్రకటించినది. అక్కడ ఎన్నిక జరపబోయినవారిని న్యూ బ్రన్‌స్విక్ నిర్బంధించినది. 1833లో న్యూ బ్రన్‌స్విక్ తన కెంట్ పారిష్‌ను చీల్చి మదవాస్కా అనే సివిల్ పారిష్‌ను ఏర్పరచినది. ఒకే లోయ, ఒకే పేరు, రెండు ప్రభుత్వాల పుస్తకాలలో రెండు పద్దులు! పరిపాలన కోసం గీసే గీత, హక్కు చాటుకొనే గీత కూడా అవుతుందనటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

1838–39 శీతకాలంలో కలప దొంగతనాల మీద తగవు ముదిరి ఇరుపక్షాల దండులూ కదిలినాయి. చరిత్రలో దీనిని అరూస్టుక్ యుద్ధం అంటారు. పేరుకే యుద్ధం, పోరు జరగలేదు. అమెరికా సేనాని విన్‌ఫీల్డ్ స్కాట్, న్యూ బ్రన్‌స్విక్ గవర్నరు జాన్ హార్వీ ఉత్తరాలు నడుపుకొని సేనలను వెనక్కు మళ్ళించారు. చివరకు 1842 ఆగస్టు 9న వాషింగ్టన్‌లో డేనియల్ వెబ్‌స్టర్, లార్డ్ ఆష్‌బర్టన్ సంతకాలు చేశారు. గ్రాండ్ ఫాల్స్‌కు కొంత ఎగువ నుండి సెయింట్ ఫ్రాన్సిస్ నది కలిసే చోటు వరకు, సెయింట్ జాన్ ప్రధాన ప్రవాహపు నడిమధ్య ఎల్ల అని నిర్ణయం. అమెరికాకు 7,015 చదరపు మైళ్ళు, బ్రిటన్‌కు 5,012.

ఆ సంతకాలతో లోయ రెండు ముక్కలైనది. దక్షిణపు ఒడ్డువారు అడగకుండానే అమెరికన్లు అయ్యారు. ఉత్తరపు ఒడ్డువారు బ్రిటిషు ప్రజలుగా మిగిలారు. అన్న ఒక దేశం, తమ్ముడు మరొక దేశం. విధి పరిహాసమేమంటే, అమెరికా కోసం జైలుకు పోయిన జాన్ బేకర్ భూమి ఉత్తరపు ఒడ్డున ఉండటం వలన బ్రిటిషు పక్షాన పడినది. 1868లో అతడు అక్కడే చనిపోయాడు. అతని అస్థులను 1895లో మెయిన్‌కు తరలించి అమెరికా మట్టిలో మళ్ళీ పూడ్చారు. బ్రతికుండగా దాటని గీతను మరణానంతరం దాటాడన్నమాట.

ఒడంబడిక వ్రాసినవారు ఒక మంచి పని చేశారని ఒప్పుకోవాలి. అదివరకు ఇచ్చిన పట్టాలు ఎల్లకు అవతల పడినా చెల్లుతాయనీ, ఆరేండ్లకు పైబడి అనుభవంలో ఉన్న భూమిపై సాగుదారుకే హక్కనీ నాలుగవ అధికరణంలో వ్రాశారు. రాజ్యం మారినా పొలంగట్టు మారలేదు. మూడుసార్లు తరిమివేతకు గురి అయ్యే ప్రమాదం నుండి ఆ జనాన్ని కాపాడినది ఆ నాలుగు వాక్యాలే. మతపరమైన పారిష్ కూడా రాజకీయ గీతను వెంటనే అనుసరించలేదు. దక్షిణపు ఒడ్డు చర్చిలు మెయిన్‌లోని పోర్ట్‌లండ్ బిషప్ అధీనంలోకి పోయినది 1870లో. రాజుల గీతను దేవుని గుడి గుర్తించడానికి ఇరవై ఎనిమిదేండ్లు పట్టినది.

ఉత్తరపు ఒడ్డుకైనా శాంతి దొరికినదా? లేదు. ఆ నేల న్యూ బ్రన్‌స్విక్‌దా, కెనడా సంయుక్త పాలనదా అని ఇంటిలోనే తగవు. మధ్యవర్తుల సిఫారసును అనుసరించి 1851లో బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసి, తెమిస్కువాతా సరస్సు ప్రాంతాన్ని కెనడాకు, మదవాస్కాను న్యూ బ్రన్‌స్విక్‌కు ఇచ్చినది. ఆ విధంగా ఒకప్పటి ఒకే లోయ మెయిన్, న్యూ బ్రన్‌స్విక్, క్విబెక్ అనే మూడు పాలనలకు పంపిణీ అయినది.

ఇక లోపలి గీతలు. జనం పెరిగిన కొద్దీ మదవాస్కా పారిష్ చిక్కిపోయినది. 1850లో దానినుండి సెయింట్ బేసిల్, సెయింట్ లెనర్డ్, సెయింట్ ఫ్రాన్సిస్ పారిష్‌లు పుట్టినాయి. 1877లో సెయింట్ ఆన్, సెయింట్ హిలేర్, సెయింట్ జాక్వెస్ పారిష్‌లు వచ్చినాయి. మరొక విశేషం గమనించండి. పారిష్ చట్టం ఇంగ్లండు చర్చి పెత్తనపు కాలంలో పుట్టినది. అయినా ఇక్కడి సివిల్ పారిష్‌లకు దొరికిన పేర్లు ఫ్రెంచి కథోలికుల ఆరాధ్యులవి. ప్రభుత్వం గీత గీసినది, ప్రజలు పేరు పెట్టుకున్నారు. కౌంటీలూ అంతే. యార్క్ నుండి కార్ల్‌టన్, 1844లో దానినుండి విక్టోరియా, 1873లో దానినుండి మదవాస్కా కౌంటీ.

1877 చట్టంతో కౌంటీలన్నిటికీ ఎన్నికైన సభలు వచ్చినాయి. పారిష్‌ల నుండి సభ్యులు ఎన్నికయ్యేవారు. అవి తొంబది ఏండ్లు నడిచినాయి. పేద కౌంటీలో బడి ఒక విధంగా, ధనిక కౌంటీలో బడి మరొక విధంగా ఉండటాన్ని సరిదిద్దదలచి రాష్ట్ర ప్రీమియర్ లూయీ రొబిషో ప్రభుత్వం ఆ సభలను రద్దు చేసినది. 1967 ఆరంభం నుండి విద్య, వైద్యం, న్యాయం, సంక్షేమం రాష్ట్రమే చేపట్టినది. పారిష్‌కు అధికారులు పోయారు, ఎల్లలు మిగిలినాయి. 1998లో ఎడ్మండ్‌స్టన్ నగరంలో సేం-బాజిల్, సేం-జాక్ పట్టణాలు కలిసిపోయినాయి. 2023 జనవరి 1 నుండి స్థానిక పాలన మళ్ళీ మారినది. అయినా రాష్ట్ర విభాగాల చట్టంలో పారిష్‌ల హద్దులు పదిలంగా ఉన్నాయి. భూమి పత్రాలలో ఉన్నాయి.

నేటి స్థితి ఏమంటే, ఉత్తరాన ఎడ్మండ్‌స్టన్, ఎదురుగా మెయిన్‌లో మదవాస్కా పట్టణం. ఎడ్మండ్‌స్టన్ మిల్లులో తయారైన కాగితపు గుజ్జు గొట్టం గుండా నది దాటి అవతలి మిల్లులో కాగితమవుతుంది. గుజ్జుకు పాస్‌పోర్టు అక్కరలేదు. మనుషులకు 2009 నుండి కావలసి వచ్చినది. 2020 మార్చిలో కరోనా వలన వంతెన మీద అనవసర ప్రయాణాలు ఆగిపోయినాయి. కెనడా 2021 ఆగస్టులో, అమెరికా నవంబరులో దారులు తెరిచేవరకు, కూతవేటు దూరంలో ఉన్న బంధువులు ఒడ్డున నిలబడి చేతులూపుకోవలసిన దుస్థితి. 1921 నాటి పాత వంతెన స్థానంలో 2024లో క్రొత్త వంతెన తెరిచారు. రెండు ఒడ్డులా ఇంకా ఫ్రెంచి వినిపిస్తుంది. రెండు ఒడ్డులా కూటూ పిండితో పోసే ‘ప్లోయ్’ అట్టు ఒకటే రుచి. 2014లో ప్రపంచ అకేడియన్ మహాసభను మెయిన్, న్యూ బ్రన్‌స్విక్, క్విబెక్ మూడూ కలిసి ఇక్కడే జరిపినాయి. ఇక ఆ సంగమం దగ్గరి తొలి నివాసులు, ఎవరి పటంలోనూ అడిగి గీయించుకోనివారు, వోలస్తోక్వియిక్ జనులు ఎడ్మండ్‌స్టన్ ప్రక్కనే తమ చిన్న నేలలో ఉన్నారు. ఈ ఎల్లలను నిర్ణయించిన ఒడంబడికలలో వారి సంతకం లేదు.

పొలిమేర మన తెనుగు మాట, సరిహద్దు పారశీకం నుండి వచ్చినది. పొలిమేరలో పొలం ఉన్నది, దున్నేవాడు ఉన్నాడు. సరిహద్దులో రాజ్యం ఉన్నది, కాపలావాడు ఉన్నాడు. మదవాస్కా జనం పొలిమేరలు వేసుకున్నారు, రాజ్యాలు సరిహద్దు వేసినాయి. నూట ఎనభై ఏండ్లు గడిచినా ఆ రెండు గీతలూ ఒకటి కాలేదు. ‘పరోయికియా’ అన్న మాటకు ఉన్న రెండర్థాలలో పరదేశి అన్నది ఒడంబడికలు ఇచ్చినవి, పొరుగువాడు అన్నది వారు నిలబెట్టుకున్నది. చదువరులు ఏమంటారో తెలిస్తే సంతోషిస్తాను.

శుభం.