మిస్-సి: కరోనా తగ్గాక పిల్లలకు వచ్చే తీవ్ర జబ్బు

మిస్-సి అనేది కరోనా సోకిన రెండు నుంచి ఆరు వారాల తరవాత పిల్లల్లో, కౌమారుల్లో అరుదుగా తలెత్తే తీవ్రమైన జబ్బు. మల్టీసిస్టమ్ ఇన్‌ఫ్లమేటరీ సిండ్రోమ్ ఇన్ చిల్డ్రన్ దీని పూర్తి పేరు. వైరస్ మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం వల్ల గుండె, రక్తనాళాలు, పేగులు, చర్మం, మూత్రపిండాలు ఒకేసారి వాపుకు గురవుతాయి. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ వైద్యులు దీన్ని గుర్తించి హెచ్చరించారు. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారణకు ప్రమాణాలు ప్రకటించింది. జపాన్ వైద్యుడు తొమిసాకు కవాసాకి 1967లో వర్ణించిన జబ్బుతో దీనికి చాలా పోలికలున్నాయి. అయితే కవాసాకి జబ్బు ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లలది. మిస్-సి బడికి వెళ్లే వయసు వారిలో, సుమారు ఎనిమిది తొమ్మిదేళ్ల వారిలో ఎక్కువగా కనిపించింది.

మొదటి లక్షణం తగ్గని జ్వరం. దానితోపాటు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు, ఎర్రగా పగిలిన పెదవులు కనిపిస్తాయి. కడుపునొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు అపెండిసైటిస్ అని పొరబడ్డ సందర్భాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. ముదిరితే గుండె కండరం బలహీనపడి రక్తపోటు పడిపోతుంది, కాళ్లు చేతులు చల్లబడతాయి. కొందరిలో గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు ఉబ్బుతాయి. చాలామందిలో అసలు కరోనా లక్షణాలు లేకుండానో, రెండు రోజుల జలుబుగానో వచ్చిపోయి ఉంటుంది. అందుకే అప్పటి జలుబుకూ ఇప్పటి జ్వరానికీ సంబంధం ఉందన్న అనుమానం ఇంట్లోవాళ్లకు సులభంగా రాదు.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాల్లో ఈ చిక్కు మరింత పెద్దది. వానాకాలంలో ఇక్కడ పిల్లల జ్వరం అనగానే డెంగీయో, టైఫాయిడో గుర్తుకొస్తుంది. అది సహజమే. దద్దుర్లు, కడుపునొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తపోటు బాగా తగ్గిపోయే షాక్ డెంగీలోనూ ఉంటాయి. కానీ డెంగీలో షాక్ సాధారణంగా జ్వరం దిగే వేళ వస్తుంది. మిస్-సిలో జ్వరం కొనసాగుతుండగానే వస్తుంది, ఒంట్లో వాపును సూచించే సీఆర్పీ అనే రక్తపరీక్ష విలువ బాగా పెరుగుతుంది. ఈ తేడా చికిత్సకు కీలకం. డెంగీ అనుకుని, గుండె బలహీనపడిన బిడ్డకు సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదముంది. స్క్రబ్ టైఫస్, మలేరియాలను కూడా పరీక్షించి చూడాల్సిందే.

కరోనా సోకి తగ్గినట్లు చూపే యాంటీబాడీ పరీక్ష ఒక్కటే చిక్కు విప్పదు. భారత వైద్య పరిశోధన మండలి చేసిన, నల్లగొండ జిల్లా కూడా భాగమైన నాలుగో సీరో సర్వే (యాంటీబాడీల సర్వే) 2021 జూన్, జులై నెలల్లో జరిగింది. దేశవ్యాప్తంగా 6–9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం, 10–17 ఏళ్ల వారిలో 61.6 శాతం మందికి యాంటీబాడీలున్నట్లు అందులో తేలింది. సగానికి పైగా పిల్లల్లో ఉన్న గుర్తును జబ్బుకు రుజువుగా తీసుకోలేం. నెల, నెలన్నర కిందట ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా అన్న ప్రశ్నకు దొరికే జవాబు చాలాసార్లు అంతకన్నా విలువైనది. కరోనా రెండో వేవ్‌లో ఇంటింటికీ జ్వర సర్వే చేసిన ఆశా, ఏఎన్ఎంలకు ఏ ఇంట్లో ఎవరు పడకేశారో తెలిసేది. ఈ జబ్బు విషయంలో ఆ సమాచారం ప్రాణాధారం.

చికిత్సలో స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ముఖ్యమైనవి. ఇమ్యునోగ్లోబులిన్‌ను కిలో బరువుకు రెండు గ్రాముల లెక్కన ఇస్తారు. అంటే ఇరవై కిలోల బిడ్డకు 40 గ్రాములు కావాలి. ఇది ఖరీదైన మందు. స్టెరాయిడ్లు చవక, జిల్లా ఆసుపత్రుల్లోనూ దొరుకుతాయి. 2021 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రిలో చేరిన మిస్-సి పిల్లలకు వాటిని సిఫారసు చేయడం పేద కుటుంబాలకు నిజంగా మేలు చేసింది. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. పరిస్థితి విషమిస్తే హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రి ఆధారం. అచ్చంపేట, దేవరకొండ వైపు పల్లెల నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే. అందుకని కాళ్లు చేతులు చల్లబడేదాకా ఆగకుండా ముందే పంపాలి. సకాలంలో చికిత్స అందితే ఎక్కువమంది కోలుకుంటారు.

మిస్-సియే కాక, కరోనా వల్ల పిల్లల్లో అరుదుగా మెదడువాపు, నరాలను దెబ్బతీసే గులియన్-బారే సిండ్రోమ్, రక్తం గడ్డకట్టడం, తీవ్ర న్యుమోనియా కూడా సంభవించాయి. కరోనా ఒమిక్రాన్ రకం వచ్చాక మిస్-సి బాగా తగ్గింది. కౌమారుల్లో టీకా దీన్ని చాలావరకు అడ్డుకుంటుందని అమెరికా, ఫ్రాన్స్ అధ్యయనాలు చూపాయి. అవి అక్కడి ఎంఆర్ఎన్ఏ టీకాలకు సంబంధించినవి. మన దేశంలో 15–18 ఏళ్ల వారికి 2022 జనవరి 3 నుంచి కోవాగ్జిన్, 12–14 ఏళ్ల వారికి మార్చి 16 నుంచి కార్బెవాక్స్ ఇచ్చారు. రెండూ హైదరాబాద్ సంస్థల టీకాలే.

మిస్-సి బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక కూడా వైద్యం ముగియదు. కొన్ని వారాలపాటు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, గుండెను చూసే టూడీ ఎకో మళ్లీ తీస్తారు. గుండె దెబ్బతిన్నవారిని కొన్ని నెలలు పరుగు పందేలకు, కబడ్డీకి దూరంగా ఉంచుతారు. ఇమ్యునోగ్లోబులిన్ తీసుకున్న బిడ్డకు తట్టు, రుబెల్లా టీకాను సాధారణంగా 11 నెలలు వాయిదా వేస్తారు.