శ్రీశైలం పోయొద్దాం, ఈసారి చరిత్ర చూసొద్దాం



పోయినసారి మనం కారు మాట్లాడుకొని శ్రీశైలం పోయొచ్చినాం గదా. లైన్లో నిలబడినాం, దర్శనం చేసుకున్నాం, ఫొటోలు దిగినాం, పులిహోర తిని వెనక్కొచ్చినాం. వచ్చినాక మనలో ఒకరి తాత ఒకటే మాట అడిగినాడు: "పాతాళగంగ మెట్లు దిగినారా, వాటిని ఎవరు కట్టించినారో చూసినారా?" ఒక్కరమూ నోరెత్తలేదు. ఆ తాత వాళ్ళ నాయన రోడ్డు లేని రోజుల్లో యాత్రికులను అడవిలో నడిపించిన మనిషి. అందుకే ఈసారి పోయేముందు కొంచెం తెలుసుకొని పోదామని ఈ పోస్టు రాస్తున్నాం.

ముందు ప్రయాణం సంగతి. మార్కాపురం నుంచి దోర్నాల ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి శ్రీశైలం దాదాపు యాభై. మొత్తం ఎనభై అనుకోండి. రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా అడవి దారిలో బండ్లు తిరగనివ్వరు. కాబట్టి 5 గంటలకు మార్కాపురంలో బయల్దేరితే గేటు తీసే వేళకు దోర్నాలలో ఉంటాం. గిద్దలూరు, కంభం వాళ్ళు ముందురోజు రాత్రికే మార్కాపురం వచ్చి పడుకుంటే మంచిది. డీజిలు ఖర్చు తలా ఇంత పంచుకుందాం. అడవిలో ప్లాస్టిక్ పారేయొద్దు, కోతులకు తిండి పెట్టొద్దు.

దోర్నాల దాటగానే చరిత్ర మొదలైతుంది. చాలామంది చరిత్రకారులు శ్రీశైలమే అని చెప్పే శ్రీపర్వతం పేరు కర్ణాటకలోని తాళగుంద శాసనంలో ఉంది. నాలుగో శతాబ్దంలో కదంబ మయూరశర్మ పల్లవుల మీద తిరగబడి, శ్రీపర్వత ద్వారాల దాకా పరుచుకున్న దుర్గమమైన అడవిలో చేరి, అక్కడి నుంచే చుట్టుపక్కల రాజుల దగ్గర కప్పం వసూలు చేసినాడని ఆ శాసనం చెప్తుంది. అంటే పదహారు వందల ఏండ్ల కిందటే ఈ అడవి బయటి సైన్యాలకు కొరకరాని కొయ్య. దారి తెలిసిన మనిషి లేకుండా లోపలికి పోయే వీలు లేదు. ఆ దారి తెలిసినోళ్ళు ఎవరు? చెంచులు. కనుమలు కాసినారు, యాత్రికులకు దారి చూపినారు, ప్రతిఫలంగా రుసుం తీసుకున్నారు. ఇంగ్లీషోళ్ళ కాలపు రికార్డులలో కూడా ఈ కాపలా, ఈ రుసుం సంగతి కనిపిస్తుంది. మన సుగాలీల పెద్దలు కూడా ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని కనుమల గుండా తిరిగినోళ్ళే. ఈ దారులతో మనందరికీ బంధం ఉంది.

శిఖరేశ్వరం దగ్గర బండి ఆపుదాం. అక్కడి నుంచి హాటకేశ్వరం, సాక్షి గణపతి చూసుకుంటా ఊళ్ళోకి దిగుదాం.

గుడిలో తొందరపడొద్దు. వీరశిరోమండపాన్ని 1377లో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించినాడు. వీరశైవ భక్తులు తమ తలలు, నాలుకలు కోసి స్వామికి అర్పించిన చోటు అది. ముఖమండపం విజయనగర రాజు రెండో హరిహరరాయలు 1404-05 ప్రాంతంలో కట్టించినాడు. ఆయన భార్య విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు వేయించింది. తాత అడిగిన ప్రశ్నకు జవాబు అదే. కొండవీడు గెల్చినాక కృష్ణదేవరాయలు వచ్చి రథవీధిలో మండపాలు కట్టించినాడు. 1677లో శివాజీ వచ్చినాడు, ఉత్తర గోపురానికి ఆయన పేరే ఉంది. ప్రాకారం గోడ చుట్టూ బయటి నుంచి నడవండి. ఏనుగులు, గుర్రాలు, వేట బొమ్మలు వరసగా చెక్కి ఉంటాయి. లైన్లో నిలబడి వచ్చేసేవాళ్ళకు ఆ గోడ కనపడనే కనపడదు.

రాజుల పేర్లు ఇట్లా రాళ్ళ మీద ఉన్నాయి. ఆ రాళ్ళ దాకా జనాన్ని నడిపించినోళ్ళ పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు. అయితే మన జాడ గుడిలో అసలు లేదని కాదు. స్వామిని చెంచు మల్లయ్య అంటారు. వేటకొచ్చి చెంచు పిల్లను పెండ్లాడినాడని, అందుకే ఆయన చెంచులకు అల్లుడని పెద్దోళ్ళు చెప్తారు. సంక్రాంతి బ్రహ్మోత్సవాల కల్యాణానికి చెంచులను పిలవడం ఆనవాయితీ. అల్లుడు అనే ఆ ఒక్క మాటలోనే మన హక్కు ఉంది. రాజులు దానం చేసి దేవుడికి దగ్గరైతే మనం చుట్టరికంతో దగ్గరైనాం.

మధ్యాహ్నం తిన్నాక చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూద్దాం. మన ఇండ్లలో మూలన పడేసిన బుట్టలు, విల్లంబుల లాంటివే అక్కడ అద్దాల వెనక కనిపిస్తాయి. నవ్వుకుంటామో, కండ్లు చెమ్మగిల్లుతాయో చూద్దాం.

సాయంత్రం సున్నిపెంట మీదుగా డ్యామ్ దగ్గరికి పోదాం. ఊరి పేరు గమనించండి. చెంచుల ఆవాసాన్ని పెంట అంటాం, ఆ మాట పేరులో ఇంకా బతికే ఉంది. డ్యామ్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినాడు, 1980ల మొదట్లో పూర్తయింది. కరెంటు వచ్చింది, నీళ్ళొచ్చినాయి, కృష్ణ ఒడ్డున ఊర్లకు ఊర్లు మునిగిపోయినాయి. అదే కాలంలో, 1983లో, ఈ అడవి ప్రాజెక్ట్ టైగర్ కిందికి పోయింది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అప్పట్లో 3,568 చదరపు కిలోమీటర్లు ఉండేది. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చినప్పటి నుంచి అడవి సర్కారుదైంది. దారి చూపినోళ్ళు గేటు దగ్గర నిలబడి సమాధానం చెప్పుకునే రోజులు వచ్చినాయి. పులి బతకాలి, అందులో మనకు పేచీ లేదు. పులితో పాటు ఇన్ని తరాలు బతికిన మనిషిని పరాయోడిగా చూస్తేనే బాధ. 2006 అటవీ హక్కుల చట్టం ఆ తప్పును ఒప్పుకొని చేసిన చట్టం. ఇది చదివే ప్రతి ఒక్కరూ దాన్ని ఒకసారైనా చదవాలి.

రాత్రి 9 లోపల దోర్నాల గేటు దాటాలి, కాబట్టి 6:30కే తిరుగుబాట పడదాం.

పోయేముందు అందరికీ ఒక పని. మీ ఇంట్లోనో గూడెంలోనో తండాలోనో ఉన్న పెద్దోళ్ళను రెండు ప్రశ్నలు అడగండి. రోడ్డు లేనప్పుడు శ్రీశైలం ఏ దారిన పోయేవాళ్ళు? దారిలో ఎక్కడెక్కడ నీళ్ళుండేవి? వాళ్ళు చెప్పిన చెలమల పేర్లు, బండల పేర్లు, కనుమల పేర్లు నోటుబుక్కులో రాసుకొని రండి. మనకు శాసనాలు వేయించే రాజులు లేరు, ఆ నోటుబుక్కులే మన శాసనాలు. ఆ తాతకు ఎనభై దాటినాయి. ఆయన పక్కన కూర్చొని రాసుకునే పని ఈ నెలలోనే మొదలుపెట్టినాం. మీరు కూడా మొదలుపెట్టండి, బండిలో అందరివీ కలిపి చదువుకుందాం.