జస్టిస్ పార్టీ: మనం మరచిన తెలుగు పుట

తమిళనాట తరతరాలుగా ఉంటున్న తెలుగువారి చరిత్రలో జస్టిస్ పార్టీది ముఖ్యమైన స్థానం. ఆంధ్రదేశంలో దానిని జమీందార్ల పక్షమని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తమిళనాట ద్రావిడోద్యమానికి తొలిమెట్టుగా చూస్తారు. ఈ రెండింటి నడుమ దాని తెలుగు భాగం మరుగున పడిందని మా అభిప్రాయం.

1916 నవంబరులో మద్రాసులో ఈ పక్షానికి పునాది పడింది. స్థాపకుల్లో పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువారు, టి.ఎం. నాయర్ మలయాళీ, సి. నటేశ మొదలియార్ తమిళులు. అసలు పేరు దక్షిణ భారత లిబరల్ సమాఖ్య. అయితే 1917లో వెలువడిన ‘జస్టిస్’ అనే ఇంగ్లీషు పత్రిక పేరే పార్టీకి స్థిరపడింది. తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ ఆ పక్షం వాణిని వినిపించాయి.

1920 ఎన్నికలలో కాంగ్రెసు పాల్గొనలేదు. జస్టిస్ పార్టీ గెలిచింది. త్యాగరాయ చెట్టి పదవి వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ కొద్దికాలం ప్రధానమంత్రిగా ఉన్నాక, 1921 నుంచి 1926 వరకు పానగల్లు రాజా రామరాయణింగారు ఆ బాధ్యత వహించారు. ఉద్యోగాలలో అన్ని వర్గాలకూ వాటా కల్పించే ఉత్తర్వు, స్త్రీలకు ఓటుహక్కు 1921లోనే వచ్చాయి. తరువాత హిందూ దేవాదాయ చట్టం, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చాయి.

లోపాలనూ దాచనక్కరలేదు. నాయకత్వం భూస్వాములు, సంపన్నుల చేతిలోనే ఉండిపోయింది. ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని విడిచారు. సామాన్యునికి దూరమైన ఫలితం 1937లో కనిపించింది: బొబ్బిలి రాజా సొంత గడ్డమీదనే వి.వి. గిరి చేతిలో ఓడారు. 1938లో పెరియార్ అధ్యక్షులయ్యారు. 1944లో సేలం మహాసభలో పార్టీ ద్రావిడర్ కళగంగా మారింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. 1856లో కాల్డ్వెల్ వాడిన అర్థంలో ‘ద్రావిడ’ శబ్దం తెలుగునూ కలుపుకొన్నది. రాజకీయ వ్యవహారంలో మాత్రం అది క్రమంగా తమిళనాటికే పరిమితమైంది. శబ్దార్థం సంకోచించినప్పుడు మనుషుల స్థానమూ సంకోచిస్తుంది. అందుకే ఇక్కడి తెలుగు విద్యార్థికి ‘మేము బయటివాళ్లమా?’ అన్న సందేహం కలుగుతుంటుంది. చెన్నైలో త్యాగరాయ నగర్, పానగల్ పార్కు అన్న పేర్లే దానికి సమాధానం.

‘ద్రావిడన్’ను తమిళంలోనూ ‘ఆంధ్రప్రకాశిక’ను తెలుగులోనూ చదవగలిగినవారే ఈ చరిత్రను సమగ్రంగా రాయగలరు. ఆ రెండు భాషలూ ఇంటా బయటా మాట్లాడుతూ పెరిగిన మా విద్యార్థులకు ఈ పని ఇతరులకంటే సులువు.