సంగటి ముద్ద, కోడికూర, విసుర్రాయి

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్న లేపాక్షి వీరభద్రాలయం ఆవరణలో, నేలరాతిలోనే తొలచిన పళ్ళేలు కొన్ని ఉన్నవి. నడుమ పెద్ద గుంట, చుట్టూ కూరకూ పచ్చడికీ తగినట్లు చిన్న చిన్న గుంటలు. ఆలయం కట్టిన శిల్పులు వీటిలో భోజనం చేసేవారని ఊరివారు చెబుతారు. కాదు, చిత్రకారులు రంగులు కలుపుకొన్న పాత్రలివి అని మరికొందరు వాదిస్తారు. ఆ వివాదం అటుంచితే, రాతిలో గుంట కనబడగానే తిండిని తలచుకోవడం ఈ సీమవారికి సహజమే. ఇక్కడ మొన్నమొన్నటి దాకా తినే ప్రతి ముద్దా రాతి నడుమ నలిగి నోటికి వచ్చినదే గదా!

ఈనాడు బెంగుళూరు దారి వెంట ఏ భోజనశాల ముందు చూచినా ‘రాగి సంగటి - నాటుకోడి’ అన్న బోర్డు వ్రేలాడుతూ ఉంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. అంతకు ముందు అనంతపురం జిల్లావి. 1882కు ముందు బళ్ళారి జిల్లావి. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా పళ్ళెంలోని ముద్ద మారలేదని, తాతముత్తాతలు నిత్యం ఇదే తిన్నారని ఆ బోర్డులు మనచేత అనిపిస్తవి. సంగటి నిత్యం తిన్నమాట నిజమే. కోడికూర మాత్రం నిత్యం కాదు.

ముందుగా కోడి సంగతి. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి అంగళ్ళ సమృద్ధికి ఆశ్చర్యపడి కోళ్ళ ధర కూడా వ్రాసి పెట్టినాడు. పట్టణంలో ఒక పణానికి మూడు కోళ్ళు, వెలుపల అయితే నాలుగు. 1565లో రాక్షసి-తంగడి యుద్ధం ముగిసిన తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినాడు. రాజుతో పాటు పరివారమూ, పరివారంతో పాటు వంటవారూ వచ్చి ఉండక తప్పదు. అయితే రాయల కాలపు కోడికూర మన కూరవలె ఎర్రగా ఉండేది కాదు. మిరపకాయ అమెరికా ఖండపు పంట. పోర్చుగీసు ఓడల మీద వచ్చి మన పెరళ్ళలో స్థిరపడడానికి కాలం పట్టినది. అంతవరకూ కారమంటే మిరియమే. ‘మిరపకాయ’ అన్న పేరులోనే మిరియం దాగి ఉన్నది.

పల్లెలో కోడి ఇల్లాలి సొత్తు. గ్రుడ్లు అమ్మి ఉప్పూ నూనె కొనుక్కొనేది ఆమె. అటువంటి కోడిని కోయడమంటే చేతిలోని డబ్బును కోసుకోవడమే. అందుచేత జాతరకో, అల్లుడు వచ్చినప్పుడో, దూరపు బంధువు పొద్దుగూకే వేళ గడప తొక్కినప్పుడో మాత్రమే గంప క్రింది కోడికి ఆపద వచ్చేది. మిగిలిన దినాలలో సంగటికి తోడు ఏ ఆకుకూర పులుసో, ఊరుబిండో. కోడి మాంసం వారం వారం వండుకొనే వస్తువైనది పెంపకశాలలు వచ్చిన తరువాతనే. 1971లో బి. వి. రావు పూనాలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాతి రెండు మూడు దశాబ్దాలలో ఈ మార్పు జరిగినది.

రాగి కథ వేరు. ఇది తూర్పు ఆఫ్రికా మెరకభూములలో పుట్టి, చాలా ప్రాచీన కాలంలోనే మన దేశం చేరినది. ఉత్తరాంధ్రలో చోళ్ళు, తెలంగాణలో తైదలు, ఇక్కడ రాగులు. 16వ శతాబ్దపు కన్నడ భక్తకవి కనకదాసు ‘రామధాన్య చరితె’ అనే కావ్యంలో వరికీ రాగికీ తగవు పెట్టినాడు. ఎవరు గొప్ప అని రెండూ వాదులాడుకోగా, శ్రీరాముడు రెంటినీ ఆరు నెలలు చెరలో పెట్టించినాడు. గడువు తీరేసరికి వరి నీరసించినది, రాగి చెక్కుచెదరలేదు. కవి చమత్కారం వెనుక రైతుకు తెలిసిన నిజం ఉన్నది. రాగిగింజను పురుగు సులభంగా ముట్టదు. పాతరలో పోసి మూస్తే ఏండ్ల తరబడి నిలుస్తుంది. వాన నమ్మరాని ఈ సీమలో పాతరలోని రాగులే ఇంటికి ప్రాణం. 1876-78 నాటి కరవులో బళ్ళారి జిల్లా ఎంతగా దెబ్బతిన్నదో చరిత్ర చదివినవారికి తెలుసు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల కూలీకి దినానికి ఒక పౌను ధాన్యమే చాలునని కూలి తగ్గించినాడు. పాతర నిండుగా ఉన్నవాడు ఆ కూలికి పోవలసిన పని లేకపోయినది. పాతర అడుగంటినవాడు పోయినాడు.

గింజ ఏండ్లు నిలుస్తుంది గాని పిండి నిలువదు. కొన్నాళ్ళకే ముక్కవాసన కొడుతుంది. ఆ ఒక్క కారణం చేత ఈ సీమ స్త్రీలు తరతరాలు రాతి ముందు కూర్చున్నారు. వరిని దంచి పొట్టు తీస్తే చాలు. రాగిని అట్లా కాదు. పొట్టు గింజను గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది, లోపలి పిండి మెత్తన. కాబట్టి గింజను మొత్తంగా విసిరి పిండి చేయవలసిందే. విసుర్రాయికి అడుగున కదలని దిమ్మె, పైన తిరిగే రాయి. పై రాతి నడుమ గింజలు పోసే కన్ను, అంచున చేతికర్ర. కోడి కూయక ముందే లేచి ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి, ఒకే కర్రను పట్టి, ఒకరు త్రిప్పిన రాతిని మరొకరు అందుకొంటూ విసిరేవారు. ఒంటరిదైతే అంత బరువూ ఒక్క భుజం మీదనే. రాయి నునుపు దేరితే పిండి పడదు. అప్పుడు రోళ్ళకూ విసుర్రాళ్ళకూ కక్కు కొట్టేవారు ఉలి సుత్తెలు పట్టుకొని వీధిలో కేక వేస్తూ వచ్చి, రాతి ముఖాన మరల గాట్లు పెట్టిపోయేవారు. కొత్తగా కక్కు కొట్టిన రాతి తొలి పిండిలో ఇసుక వస్తుందని దానిని పశువులకు వేసేవారు.

కొన్నేండ్ల క్రిందట జానపద గేయాల ధ్వనిముద్రణకై పెనుకొండ వైపు ఒక పల్లెకు పోయినాము. విసుర్రాయి పాట పాడమని ఒక వృద్ధురాలిని అడిగితే రెండు చరణాలు పాడి ఆగిపోయినది. “రాయి తిరగకుంటే పాట యాడ తిరుగుతాది నాయనా?” అన్నది. పశువుల పాకలో నుండి రాతిని దొర్లించి తెచ్చి, కర్ర లేకపోతే గొడ్డలి కామ దూర్చి, గుప్పెడు రాగులు పోసినారు. పాట వచ్చినది, ఆగకుండ చాలాసేపు వచ్చినది. అయితే ముగిసిన తరువాత ఆమె అన్న మాట మా ధ్వనిముద్రణలో లేదు, నా మనస్సులో ఉన్నది. “పాట బాగుందంటారు. అది పాట గాదు, చేయినొప్పి” అన్నది. రాతి పిండి రుచి యంత్రపు పిండికి రాదని పట్టణాలలో నిట్టూర్చే పెద్దలలో, రాతిని త్రిప్పినవారిని నేను ఇంతవరకూ చూడలేదు.

విసుర్రాతిని ఇంటి నుండి సాగనంపినది మిక్సీ అని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. రాగులు విసిరే పనిని మొదట తీసుకొన్నది ఊరి పిండిమర. ముందు చమురు ఇంజనుతో, తరువాత విద్యుత్తుతో అది ఊరూరా వచ్చినది. ధర్మవరం వంటి నేతపట్టణంలో ఇంటి స్త్రీలకు పట్టుపోగుల పని చేతి నిండా ఉంటుంది. మరలో ఆడించుకొన్న పిండి వారికి ఎంత వెసులుబాటో చెప్పనక్కరలేదు. రెండవది బియ్యం. 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినది. 1985, 1989, 1994 ఎన్నికలలో ఆయనను శాసనసభకు పంపినది హిందూపురమే. బియ్యానికి విసుర్రాయి అక్కరలేదు. పొలాలలో రాగి స్థానాన్ని వేరుసెనగ ఆక్రమిస్తే, పొయ్యి మీద బియ్యం ఆక్రమించినది. సంగటి పేదవాని తిండి అన్న నామోషీ కూడా కొంత తోడైనది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి, ఒకనాడు సంగటి వద్దని అన్నానికి మారినవారి మనుమలే వైద్యుడు చెప్పినాడని మళ్ళీ సంగటి వెదుక్కొంటున్నారు. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నదన్న సంగతి ఇప్పుడు అందరికీ కంఠస్థం.

మిక్సీ తొలగించినది విసుర్రాతిని కాదు, రోటిని. 1963 ప్రాంతంలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, ఇంట్లోని విదేశీ యంత్రం మన గట్టి దినుసులకు ఓర్వలేక చెడిపోగా, అందుకు తగిన మోటారుతో ‘సుమీత్’ మిక్సీని రూపొందించినాడు. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, అల్లం, వెల్లుల్లి - కోడికూరకు వేసే ఈ మసాలా పొత్రం క్రింద నలగడానికి పట్టే కాలంలో కూరే ఉడికిపోయేది. ఇప్పుడు మూడు నిమిషాలు చాలును. దాని వెనుకనే ఫుడ్ ప్రాసెసర్ వచ్చినది. ఇది ఫ్రాన్సులో పియేర్ వెర్డాన్ హోటళ్ళ కోసం కల్పించిన యంత్రం. కార్ల్ సాంథైమర్ 1973లో దానిని ‘క్విజినార్ట్’ పేరుతో అమెరికా గృహిణులకు పరిచయం చేసినాడు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో మన సంగటి-కోడికూరకు దూరపు చుట్టం ఒకటున్నది: కోడిరసంలో గోధుమపిండి ఉంటలు వేసి ఉడికిస్తారు. పిండిలో వెన్న కలిపి, పాలు పోసి ముద్ద చేసే పని ఆ యంత్రం నిమిషంలో చేసిపెడుతుంది. అక్కడ పచ్చిపిండి ఉంట కూరలోనే ఉడుకుతుంది. ఇక్కడ ముద్ద వేరే ఉడికి, పళ్ళెంలో పులుసును కలుసుకొంటుంది.

ఆ తేడా వలననే మన యంత్రం ఒకచోట ఆగిపోతుంది. ఎసరు మరిగిన తరువాత పిండిని నడుమ కుప్పగా పోసి, కదపకుండ మూతవేసి మగ్గనిస్తారు. కడప, చిత్తూరు వైపు ముందుగా నూకలు ఉడికిస్తారు; హిందూపురం వైపు కన్నడదేశపు పద్ధతిన వట్టి పిండితోనే చేసేవారు ఎక్కువ. పిమ్మట గిన్నెను దించి, రెండు పాదాలతో అదిమి పట్టి, కట్టెతో ఉండ కట్టకుండ గెలుకుతారు. పిండి బిగుసుకొన్నకొద్దీ కట్టె కదలదు. నడుము బలమంతా వేయవలసి వస్తుంది. పెద్ద వంటశాలలలో దీనికీ యంత్రాలు వచ్చినవి. ఇండ్లలో మాత్రం, మసాలా మిక్సీలో నలిగినా, పిండి మరలో ఆడినా, ఈ గెలకడం ఇప్పటికీ ఇల్లాలి చేతి పనే. ఆ తరువాత చేయి తడుపుకొని, వేడి ఆరకముందే ముద్ద చుట్టి, పళ్ళెంలో పెట్టి, నడుమ వ్రేలితో గుంట చేసి పులుసు పోస్తారు. సంగటిని నమలరాదు. పులుసులో అద్ది మ్రింగవలెను.