పొయ్యి పొగ – పసిపిల్లల ఊపిరి: ఒక కారణాన్వేషణ చరిత్ర

ఐదేళ్లలోపు పిల్లలకు వచ్చే తీవ్ర శ్వాసకోశ వ్యాధులలో ఎక్కువ ప్రాణాలు తీసేది న్యుమోనియా. దానికి క్రిములే కారణమని వైద్యశాస్త్రం చాలాకాలం క్రితమే తేల్చింది. అయితే అదే క్రిమి సోకిన ఇద్దరు పిల్లలలో ఒకరు తేరుకోవడానికి, మరొకరు మరణించడానికి కారణమేమిటన్న ప్రశ్నకు సూక్ష్మదర్శిని పూర్తి సమాధానం ఇవ్వలేదు. దానికోసం కొందరు పరిశోధకులు వంటింటి వైపు చూశారు. ఆ అన్వేషణ సాగిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నైజీరియాలోని లాగోస్‌లో న్యుమోనియా సోకిన శిశువుల ఇళ్లలోని పొగ గురించి సోఫోలువే 1968లో ఒక వ్యాసం ప్రకటించాడు. 1981లో కిర్క్ స్మిత్ బృందం గుజరాత్‌లోని నాలుగు గ్రామాలలో వంట చేస్తున్న స్త్రీలు పీల్చే గాలిని నేరుగా కొలిచింది. నగరాల కాలుష్యం గురించే మాట్లాడుతున్న శాస్త్ర ప్రపంచానికి కట్టెల పొయ్యి ముందరి గాలి అంతకంటె ఎంతో మలినమైనదని ఆ కొలతలు చూపాయి. నేపాల్ కొండప్రాంతంలో పాండే బృందం 1989లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండు దారులను కలిపింది. తల్లులు చెప్పిన లెక్క ప్రకారం, బిడ్డ పొయ్యి దగ్గర గడిపే గంటలు పెరిగేకొద్దీ జబ్బు తీవ్రత పెరిగింది.

ఇక్కడే చిక్కుంది. పొగ నిండిన ఇల్లు సాధారణంగా ఇరుకైన ఇల్లు కూడా. ఆ ఇంట్లోనే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, తట్టు టీకా అందని బిడ్డ, కడుపునిండా తినని బిడ్డ ఉంటారు. 2008లో రుడాన్ తదితరులు నిర్ధారిత కారకాలుగా పేర్కొన్నవి ఆరు: పోషకాహార లోపం, తక్కువ జనన బరువు, మొదటి నాలుగు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టకపోవడం, తట్టు టీకా లేకపోవడం, ఇంటిలోపలి పొగ, ఇరుకు. పట్టికలో ఇవి ఆరు వరుసలు. ఊరిలో ఇవన్నీ తరచుగా ఒకే గడప లోపల ఉంటాయి. ఈ కోవకు చెందిన అధ్యయనాలు చదివేటప్పుడు నన్ను ఇబ్బంది పెట్టే విషయం మరొకటి ఉంది. తల్లి చదువు, తల్లి వయసు, తల్లి పాలు, తల్లి పొయ్యి అంటూ తల్లే ఒక కారకంగా మారిపోతుంది. కూలి రేటు మాత్రం ఆ పట్టికలలో అరుదుగా కనిపిస్తుంది.

పొగ ఒక్కదాన్నే విడదీసి చూసే ప్రయత్నం గ్వాటెమాలాలో జరిగింది. అక్కడి కొండ గ్రామాలలో కొన్ని ఇళ్లకు పొగగొట్టమున్న పొయ్యిలు ఇచ్చారు. 2011లో వెలువడిన ఫలితాలలో వైద్యులు నిర్ధారించిన న్యుమోనియా తగ్గుదల గణాంకపరంగా రుజువు కాలేదు. ప్రాణవాయువు పడిపోయే తీవ్రమైన రకం మాత్రం సుమారు మూడోవంతు తగ్గింది. మలావీలో మెరుగైన పొయ్యిలతో జరిగిన పెద్ద ప్రయోగం 2016లో ఏ ప్రయోజనాన్నీ చూపలేకపోయింది. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో గర్భిణుల ఇళ్లకు గ్యాస్ పొయ్యి, ఉచిత ఇంధనం ఇచ్చి చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఇళ్లలో పొగ బాగా తగ్గింది. శిశువులలో తీవ్ర న్యుమోనియా మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకాన్ని గాని, 2016 నాటి ఉజ్వలను గాని ఈ ఫలితం నిరర్థకం చేయదు. స్త్రీల కళ్లకు, ఊపిరితిత్తులకు పొగ చేసే హాని వేరే లెక్క.

ఈ అన్వేషణ సాగుతున్న కాలంలోనే, తెలంగాణకు ప్రాణహిత, గోదావరుల ఆవలి ఒడ్డున ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ మరో దారి పట్టారు. వారు కారకాలను తొలగించే వరకు ఆగలేదు. గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు శ్వాస లెక్కించడం, కోట్రైమాక్సజోల్ ఇవ్వడం నేర్పారు. లెక్క రానివారికోసం పూసలతో ఒక సాధనం తయారుచేశారు. 1990లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ సేవ అందిన 58 గ్రామాలలో న్యుమోనియా మరణాలు, పోల్చిచూసిన 44 గ్రామాలకంటె 54 శాతం తక్కువ. ఇళ్లు, పొయ్యిలు, పేదరికం అలాగే ఉన్నాయి.

రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50, ఆపై ఐదేళ్లలోపు బిడ్డకు 40, లేదా అంతకు మించి ఉంటే వేగశ్వాస అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోవడం అంతకంటె ప్రమాదకరమైన గుర్తు. మన ఊళ్లలో అమ్మమ్మలు దానికి 'డొక్కలెగరేయడం' అంటారు.