వీసా కౌంటర్‌లో అసలు పరీక్ష ఇదే.. ‘చదువయ్యాక తిరిగొస్తారా?’

ఐ-20 వచ్చింది. లోన్ మంజూరైంది. చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో కాన్సులేట్ కౌంటర్ ముందు రెండు, మూడు నిమిషాలు మాట్లాడి బయటికొచ్చేసరికి చేతిలో 214(బి) కాగితం! చిత్తూరు జిల్లా పెద్దపంజాణి లాంటి మండలాల నుంచి పిల్లల్ని అమెరికా పంపాలనుకునే ఇళ్లలో ఈ నంబర్ వింటేనే గుండె జారిపోతుంది. ఇంతకీ ఏంటిది?

అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో ఇదో సెక్షన్. దీని ప్రకారం వీసా అడిగే వ్యక్తి అక్కడే స్థిరపడటానికి వస్తున్నాడనే అధికారి మొదట అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత దరఖాస్తుదారుదే. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకైతే సొంత దేశంలో నివాసం ఉండాలి, దాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు. హెచ్-1బీకి ఈ షరతు లేదు.

చిక్కంతా ఇక్కడే. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, స్టెమ్ కోర్సులైతే మరో 24 నెలలు పని చేసుకునే వీలు ఆ దేశమే ఇస్తోంది. లక్షల్లో చేసిన అప్పు తీరాలంటే ఆ జీతం కావాల్సిందే. నిజానికి పదేళ్ల తర్వాత ఎక్కడుంటారో 22 ఏళ్ల కుర్రాళ్లు ఎవరు చెప్పగలరు? అధికారి తేల్చుకోవాల్సింది వాళ్ల ఇప్పటి ఉద్దేశాన్నే.

అందుకే ప్రశ్నలు చుట్టూ తిరిగి వస్తాయి. ఈ యూనివర్సిటీయే ఎందుకు? బీటెక్‌కీ ఈ కోర్సుకీ సంబంధమేంటి? ఫీజు ఎవరు కడతారు? మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే రైతు కుటుంబమైతే ఆ మాటే చెప్పొచ్చు, అందులో తప్పేం లేదు. వారం కిందట ఖాతాలో పడిన డబ్బు ఎక్కడిదో చెప్పలేకపోతేనే అనుమానం.

ఏజెంట్ ‘బ్యాలెన్స్ మేం చూపిస్తాం’ అన్నాడా? అక్కడే ఆగాలి. 214(బి) తిరస్కరణ శాశ్వతం కాదు. అప్పీలు లేకపోయినా ఫీజు కట్టి మళ్లీ అప్లై చేయొచ్చు. దొంగ పత్రాలు పెట్టి మోసం చేసినట్టు తేలితే మాత్రం వేరే సెక్షన్ కింద జీవితకాల నిషేధం పడొచ్చు.

లోపలికి వెళ్లాక కూడా ఇది వదలదు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందిగా? క్లాసుల్లేని ఆ సంస్థను నడిపింది అమెరికా అధికారులే. పట్టుబడిన వాళ్లలో తెలుగు విద్యార్థులే ఎక్కువ.

ఆస్ట్రేలియా దారి కాస్త మారింది. 2011 నుంచి ఉన్న ‘తాత్కాలికంగానే ఉంటా’ అనే జీటీఈ నిబంధన స్థానంలో 2024 మార్చి 23న ‘నిజమైన విద్యార్థి’ పరీక్ష వచ్చింది. ఒక్కో ప్రశ్నకు 150 పదాల్లోపు జవాబు రాయాలి. తర్వాత అక్కడే పీఆర్ కోరుకోవడం తప్పేం కాదని ఆ దేశమే ఒప్పుకుంది.

అమెరికాకు రెండోసారి అప్లై చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గతంలో వీసా నిరాకరించారా అని డీఎస్-160 ఫారంలోనే అడుగుతారు. మొదటిసారి చెప్పిన జవాబుకీ ఇప్పటి జవాబుకీ పొంతన లేకపోతే తర్వాతి ప్రశ్న దాని మీదే.