వేలు ఇక్కడే ఉంది, పైసలే పోయాయి

జులై మొదటి వారం, మధ్యాహ్నం కావస్తోంది. కరీంనగర్ వైపు ఓ మండల కేంద్రంలోని బ్యాంకు. పాస్‌బుక్ మెషీన్ దగ్గర మీ వెనక నిలబడ్డ పెద్దాయన మీ భుజం తట్టి, అప్పుడే ప్రింటయిన పుస్తకం మీ చేతిలో పెడతాడు.

"జర సూడు బిడ్డా. వడ్ల పైసలు పడ్డయా?"

పడ్డాయి. మే నెలలో 39,440 రూపాయల జమ. ఆ మాట చెప్పబోయి ఆగిపోతారు. దాని కింద వరుసలో 10,000 తీసినట్టుంది. మర్నాడు ఇంకో 10,000. ఆ మర్నాడు ఇంకోటి. నాలుగో రోజు 9,000. నాలుగింటి పక్కనా ఏఈపీఎస్ అని ఉంది. చివర మిగిలింది నాలుగు వందల చిల్లర.

"పెద్దయ్యా, మే నెలల ఏడన్నా వేలు పెట్టి పైసలు తీసుకున్నరా?"

"నేనేడ తీసిన? కూతురింటికాడ ఉంటి. గోలీలకు సుత అల్లుని అడుక్కుంటి."

ఆయన్ని వెంటబెట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్తారు. మేనేజర్ ఖాతా తెరిచి చూస్తాడు. "వేలిముద్ర మ్యాచ్ అయింది సార్. సక్సెస్ అని ఉంది. మరిచిపోయి ఉంటాడు."

పెద్దాయన మాట్లాడడు. కుడి బొటనవేలు చాచి బల్ల మీద పెడతాడు. గడ్డి కోసీ కోసీ గీతలు అరిగిపోయిన వేలు, గోరు పక్కన నల్లటి పగులు. రేషన్ దుకాణంలో తడి గుడ్డతో రెండుమూడుసార్లు తుడిస్తే గానీ మెషీన్ పట్టని వేలది. దొంగకు మాత్రం ఇట్టే పట్టింది.

ఏఈపీఎస్ అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఊళ్లో కిరాణా కొట్టులో కూడా డబ్బు చేతికిస్తారు. ఓటీపీ అడగదు, కార్డు అక్కర్లేదు. బ్యాంకు లేని ఊళ్లకు ఇది నిజంగా పెద్ద సౌకర్యం, కాదనలేం. కానీ ఇన్నేళ్లుగా మనకు నూరిపోసిన "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్న జాగ్రత్త ఇక్కడ దేనికీ పనికిరాదు. పెద్దాయన ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఏ ఫోనూ ఎత్తలేదు. బ్యాంకులో ఉన్న నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది, అందుకే మెసేజ్ కూడా రాలేదు.

"భూమిగిట్ల ఎవరికన్నా రిజిస్ట్రేషన్ చేసిన్రా?"

"2017ల బిడ్డకు ఇంటి జాగ రాసిచ్చిన."

మీ అనుమానం అక్కడికే పోతుంది. పాత దస్తావేజు కాపీ ఒక్కటి దొరికితే అందులో పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర మూడూ ఉంటాయి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను ఈ దారే పట్టాడు. రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే నకిలీ వేళ్లు తయారుచేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పోలీసులకు దొరికాడు. ఆ తర్వాత అదే ఎత్తు బ్యాంకు ఖాతాల మీదికి వచ్చింది. ఈయన ముద్ర అక్కడి నుంచే పోయిందని చెప్పడానికి మీ దగ్గర రుజువు లేదు. పాస్‌వర్డయితే మార్చుకోవచ్చు, బొటనవేలిని ఏం చేస్తాం?

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. నెల దాటింది కాబట్టి ఆ డబ్బు ఏ ఖాతాలోనూ ఆగి ఉండదని మీకు తెలుసు. గంటల్లో చేస్తే దారిలో ఆపించే వీలుండేది. అయినా ఫిర్యాదు నంబరు కావాలి, అది లేకుండా బ్యాంకు కదలదు. నంబరు వేసి తెల్ల కాగితం మీద ఫిర్యాదు రాసిస్తే మేనేజర్ నొసలు ముడేస్తాడు. "ఇన్నాళ్లకా?"

2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం గుర్తుచేస్తారు. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారు మీద పడదు. ఆ రోజుల లెక్క మొదలయ్యేది లావాదేవీ సమాచారం బ్యాంకు నుంచి ఆయనకు అందినప్పటి నుంచి. మెసేజ్ రాని ఈయనకు అది అందింది ఇప్పుడు, పాస్‌బుక్ చేతికొచ్చాకే అని మీ వాదన. మేనేజర్ ఒప్పుకున్నట్టు లేడు గానీ కాపీ మీద ముద్రేసి, తేదీ రాసి ఇస్తాడు. ప్రస్తుతానికి ఆ ముద్ర చాలు.

ఇక వేలికి తాళం వేయాలి. ఆధార్‌కు లింకైన నంబరు కొడుకుది, అతను భీవండిలో మగ్గాల కాడ ఉన్నాడు. ఫోన్ కలిపి ఓటీపీ అన్న మాట ఎత్తారో లేదో, "గిసుంటి దొంగలను శానమందిని సూసినం" అని కట్ చేస్తాడు. మీకు కోపం రాదు, పైగా ముచ్చటేస్తుంది. రెండు నిమిషాల్లో అతనే వీడియో కాల్ చేస్తాడు. తండ్రి మొహం చూసి, వెనక మేనేజర్ బల్ల చూసి, అప్పటికీ నమ్మకం చాలక, "నాయినా, మన బర్రె ఎన్నడు ఈనింది?" అని అడుగుతాడు. పెద్దాయన విసుక్కుంటూ చెబుతాడు.

ఓటీపీ మాత్రం మీకు చెప్పడు. ఎంఆధార్ యాప్ తన ఫోన్‌లోనే దించుకుంటాడు. మీరు దారి చెబుతుంటారు, నొక్కేది అతను. అథెంటికేషన్ హిస్టరీ తెరిస్తే మేలోని ఆ నాలుగు రోజులూ టైముతో సహా ఉంటాయి. స్క్రీన్‌షాట్లు తీసి పంపమంటారు, పోలీసులకు అవి కావాలి. తర్వాత బయోమెట్రిక్ లాక్. ఇక ఎవడు రబ్బరు వేలు పెట్టినా మెషీన్ 330 అని ఎర్రర్ చూపించి తిప్పికొడుతుంది.

"మరి నా పింఛనుకు?" పెద్దాయన అనుమానం.

"పోస్టాఫీసుకు పోయినంక కొడుక్కు ఫోన్ చేయున్రి. అక్కడి నుంచే తాళం తీస్తడు. పది నిమిషాలల్ల దానంతట అదే పడిపోతది."

పెద్దాయన వేలిని ఓసారి చూసుకుని మీ వైపు తిరుగుతాడు. "అంటే నా వేలుకు ఇగ వాడు పెత్తందారి. ఫోన్ చేస్తే ఎన్నడన్న ఒక్కపారికి ఎత్తిండా వాడు?"